ఆర్కిటిక్ చలిలో చెమట లెక్క

గత మే నెలలో, బయట ఎండ నలభై డిగ్రీలు దాటిన ఒక మధ్యాహ్నం, హైదరాబాద్ శివార్లలోని ఒక కోల్డ్ స్టోరేజీలో గంటసేపు గడిపే అవకాశం వచ్చింది. అక్కడ రెండు రకాల గదులున్నాయి. ఒకదానిలో ఐస్‌క్రీమ్ డబ్బాలను సున్నాకు ఇరవై డిగ్రీల దిగువన ఉంచుతారు, రెండోదానిలో కూరగాయలను, పండ్లను సున్నాకు రెండు మూడు డిగ్రీల పైన ఉంచుతారు. రెండు గదుల్లోనూ సరుకు మోసే నడివయసు మనిషిని ఏ గదిలో పని కష్టమని అడిగితే, నేను ఊహించిన జవాబు రాలేదు. "గడ్డకట్టే రూమే నయం సార్, అండ్ల అంతా పొడిగుంటది. ఈ కూరగాయల రూముల కింద తడి, మీద ఫ్యాను గాలి. జరసేపు నిలబడితే ఎముకల దాకా పోతది" అన్నాడాయన. ఆ తర్వాత లోపలికి వెళ్లే ముందు చెమటకు తడిసిన బనియన్ విప్పి గుమ్మం పక్కన మేకుకు తగిలించాడు. తువ్వాలుతో ఒళ్లు తుడుచుకుని, పొడి బనియన్ వేసుకుని, దానిమీద జాకెట్ తొడుక్కున్నాడు. బయట నిప్పులు కురుస్తుంటే జాకెట్ కింద బనియన్ మార్చుకోవడం చూసేవారికి చాదస్తంగానే కనబడుతుంది.

ఉత్తర ధ్రువ ప్రాంతానికి వెళ్లినవారు మంచులో నెలల తరబడి ఎలా బతికారని అడిగితే, మందపాటి కోట్లు, గుండెధైర్యం అని చెప్పడం మనకు అలవాటు. ఆ రెండూ అవసరమే. కానీ ఆ యాత్రల వృత్తాంతాలను కాస్త ఓపికగా చదివితే, మనుషులు ఎక్కువగా కుదేలైనది థర్మామీటరు చూపిన అంకె వల్ల కాదని, తడి వల్ల, గాలి వల్ల, సమయానికి తీసుకోని చిన్న జాగ్రత్త వల్లనని తెలుస్తుంది. కోల్డ్ స్టోరేజీ మనిషి చెప్పిన మాట ఎందుకు నిజమో అర్థమైతే ఆర్కిటిక్‌లో సగం సంగతి అర్థమైనట్లే.

శరీరం ఒక పొయ్యి లాంటిది. ఊరికే కూర్చున్న మనిషి దాదాపు 100 వాట్ల వేడిని, అంటే పాతకాలపు బల్బు ఒకటి వెలిగినంత వేడిని, నిరంతరం బయటికి వదులుతూ ఉంటాడు. బరువైన స్లెడ్జ్ బండిని మంచుమీద లాగుతున్నప్పుడు ఆ వేడి ఐదారు రెట్లవుతుంది. లోపలి ఉష్ణోగ్రత మాత్రం ఎప్పుడూ 37 డిగ్రీల దగ్గరే ఉండాలి. అది 35 కంటే తగ్గితే వైద్యులు హైపోథర్మియా అంటారు, 28 కంటే దిగువకు పోతే ప్రాణం మీదికి వస్తుంది. అంటే ఆర్కిటిక్‌లో బతకడమంటే వచ్చే వేడికీ పోయే వేడికీ మధ్య లెక్క సరిపెట్టుకోవడం. ఆ లెక్కలో గాలికీ నీటికీ ఉన్న తేడా చాలా పెద్దది. కదలని గాలి వేడిని బయటికి పోనివ్వదు, నీరు మాత్రం గాలి కంటే దాదాపు 25 రెట్లు వేగంగా వేడిని మోసుకుపోతుంది. ఉన్ని గానీ, దూది రజాయి గానీ, పక్షి ఈకలు గానీ మనల్ని వెచ్చగా ఉంచేది వాటి పోగుల మధ్య చిక్కుకున్న గాలి వల్లనే. ఆ గాలి స్థానంలో నీరు చేరితే ఎంత ఖరీదైన కోటైనా తడిసిన గోనెసంచితో సమానం. దానికి తోడు, ఆరుతున్న నీరు వేడిని పట్టుకెళుతుంది. వేసవిలో మన రంజన్‌లో నీళ్లు చల్లబడేది ఈ పద్ధతిలోనే, తడి బట్టలతో చలిగాలిలో నిలబడ్డ మనిషీ ఒక రంజనే. ఒక లీటరు చెమట ఆవిరై పోవాలంటే దాదాపు 580 కిలో కేలరీల వేడి కావాలి. మేలో మనల్ని కాపాడే ఈ ఏర్పాటే అక్కడ ప్రాణానికి ముప్పు తెస్తుంది.

దీనికి నార్వే యాత్రికుడు ఫ్రిట్యోఫ్ నాన్సెన్ అనుభవాన్ని మించిన ఉదాహరణ నాకు కనబడలేదు. 1893లో ఫ్రామ్ అనే ఓడను కావాలనే సముద్రపు మంచులో ఇరికించి, మంచుతోపాటే ఓడ కొట్టుకుపోతుంటే ధ్రువానికి దగ్గరగా చేరవచ్చని ఆయన వేసిన పథకం అప్పట్లో చాలామందికి పిచ్చిపనిగా తోచింది. 1895 మార్చిలో ఆయన, యాల్మార్ యోహాన్సెన్ ఓడను వదిలి, కుక్కలు లాగే స్లెడ్జ్ బండ్లతో ఉత్తరంగా నడక మొదలుపెట్టారు. ఏప్రిల్ 8న 86 డిగ్రీల 14 నిమిషాల ఉత్తర అక్షాంశం చేరారు. అప్పటిదాకా ఏ మనిషీ అంత ఉత్తరానికి పోలేదు. ఉష్ణోగ్రత సున్నాకు నలభై డిగ్రీల దిగువకు పోయిన ఆ రోజుల్లో వారిని వేధించింది సొంత చెమట. మంచు గుట్టల మీదుగా బండ్లను ఎత్తి దాటించేటప్పుడు పట్టిన చెమట బట్టల్లోనే గడ్డకట్టి, ఉన్ని దుస్తులు మంచు కవచంలా బిగుసుకుపోయేవి. గట్టిపడ్డ చేతి అంచులు ఒరుసుకుని నాన్సెన్ మణికట్టు దగ్గర లోతైన పుండ్లు పడ్డాయి. రాత్రి స్లీపింగ్ బ్యాగులో దూరాక ఆ కవచం కరగడానికి గంటకు పైగా పట్టేది, కరిగాక తడి గుడ్డల్లో వణుకుతూ పడుకునేవారు. పొద్దున్నే బయటికి రాగానే అవి మళ్లీ బిగుసుకునేవి. తడిసిన చేతి తొడుగులను ఆరబెట్టడానికి వారికి ఉన్న పొయ్యి తమ ఛాతీ మాత్రమే.

ఇక్కడే చిక్కుముడి అసలు పోగు కనబడుతుంది. నిలబడితే 100 వాట్లు, బండి లాగితే 500 వాట్లు: ఒకే మనిషి, ఒకే కోటు. విశ్రాంతికి సరిపోయే కోటు పనిలో చెమట పట్టిస్తుంది, పనికి సరిపోయే కోటు విశ్రాంతిలో వణికిస్తుంది. కాబట్టి మంచి దుస్తులంటే మందంగా ఉన్నవి అనుకోకూడదు, క్షణాల్లో మార్చుకోగలిగినవి అనుకోవాలి. మెడ దగ్గర తెరవడం, టోపీ తీయడం, మీది పొర విప్పడం వంటివి ఒళ్లు వెచ్చబడ్డాక కాకుండా వెచ్చబడబోతోందని తోచినప్పుడే చేయాలి. అందుకే అనుభవజ్ఞులు బయలుదేరేటప్పుడు ఒంట్లో కాస్త వణుకు ఉండాలంటారు. గుడారం నుంచి వెచ్చగా బయటపడినవాడు పది నిమిషాల్లో చెమటతో తడుస్తాడు, గంటకు ఆగినప్పుడు ఆ చెమటే ఆయనను పట్టుకుంటుంది.

ఆర్కిటిక్‌లో వేల ఏళ్లుగా ఉంటున్న ఇన్యూట్ ప్రజలు ఈ సమస్యను యూరప్ వారికంటే చాలా ముందే పరిష్కరించుకున్నారు. రెయిన్‌డీర్ జాతి జంతువైన కారిబూ చర్మంతో రెండు పొరల అంగీ కుట్టుకుంటారు. లోపలి పొర రోమాలు ఒంటికి ఆనేలా, బయటి పొర రోమాలు బయటికి ఉండేలా తొడుగుతారు. ఆ రోమాల్లో గాలి నిండిన అరలుంటాయి, అంటే ప్రతి రోమమూ ఒక చిన్న ఫ్లాస్కు. అంగీ వదులుగా ఉంటుంది కనుక పనిచేసేటప్పుడు లోపలి వేడి గాలి మెడ దగ్గర నుంచి బయటికి పోతుంది, ఆగినప్పుడు మెడ బిగిస్తే లోపలే నిలుస్తుంది. ఇంట్లోకి అడుగుపెట్టే ముందు రోమాల్లో చిక్కుకున్న మంచును కర్రతో కొట్టి దులపడం అక్కడ తప్పనిసరి ఆచారం, దులపకపోతే అది లోపల కరిగి నీరవుతుంది కాబట్టి. నార్వే వాడైన రోల్డ్ అముండ్‌సెన్ 1903 నుంచి 1905 దాకా కెనడా ఉత్తర తీరంలో రెండు శీతాకాలాలు గడిపినప్పుడు నెట్సిలిక్ ఇన్యూట్‌ల దగ్గర ఈ విద్యను శిష్యుడిలా నేర్చుకున్నాడు. 1845లో అదే ప్రాంతానికి రెండు ఓడల్లో వెళ్లిన జాన్ ఫ్రాంక్లిన్ బృందంలో 129 మందీ చనిపోయారు. దానికి కారణాలు అనేకం, దుస్తుల ఖాతాలో మొత్తం వేయడం న్యాయం కాదు. కానీ అక్కడివారిని చూసి నేర్చుకున్న బృందానికీ, నేర్చుకోని బృందానికీ మధ్య ఎంత దూరం ఉందో ఆ రెండు యాత్రలు పక్కపక్కన పెడితే తెలుస్తుంది.

ఈ విషయంలో తెలంగాణ పాఠకులకు నేను గొంగడిని గుర్తుచేయాలి. దక్కనీ గొర్రెల ముతక ఉన్నిని వడికి, పడుగుకు చింతగింజల గంజి పట్టించి నేసే ఈ కంబళిని కురుమలు చలికే కాదు, ముసురుకూ కప్పుకుంటారు. ఉన్ని పోగు తన బరువులో దాదాపు మూడో వంతు తేమను లోపలికి పీల్చుకుని కూడా పైకి తడిగా తోచదు, పోగుల వంకర వల్ల మధ్యలో గాలి నిలుస్తుంది. నూలు బట్ట అలా కాదు, తడిస్తే ఒంటికి అంటుకుపోతుంది. మనకు జూన్ వానలో ఇది సౌకర్యం మాత్రమే. ఉత్తర ధ్రువానికి దగ్గర్లోని నార్వే దీవులు స్వాల్బార్డ్‌లో నూలుతో నేసిన జీన్స్ ప్యాంటు తొడుక్కుని బయటికి వెళ్లడమంటే ప్రమాదాన్ని వెంటబెట్టుకుని వెళ్లడం.

పగటి చెమటను అదుపు చేసినా రాత్రి తేమ మిగిలే ఉంటుంది. నిద్రలో కూడా చర్మం నుంచి, శ్వాస నుంచి ఆవిరి పోతూనే ఉంటుంది. అది స్లీపింగ్ బ్యాగు పొరల గుండా బయటికి ప్రయాణిస్తూ, మధ్యలో ఎక్కడో సున్నా డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. ఎండ తగలని చోట అది ఆరే దారి లేదు. రోజుకు కొంత చొప్పున మంచు పేరుకుని, మూడు వారాలకు బ్యాగు బరువెక్కి, మడత పెట్టలేనంత గట్టిపడుతుంది. దీనికి నేటి యాత్రికులు చేసే ఉపాయం వింటే నవ్వొస్తుంది: గాలి చొరని పలచటి సంచిని స్లీపింగ్ బ్యాగు లోపల వేసుకుని అందులో పడుకుంటారు, కాళ్లకు కూడా మేజోళ్ల మధ్య ప్లాస్టిక్ సంచి తొడుగుతారు. ఒళ్లు జిగటగా ఉంటుంది, మన సెప్టెంబరు ఉడుకపోతలా. కానీ తేమ బయటి పొరలకు చేరదు, అవి చివరిదాకా పొడిగా ఉంటాయి.

గాలి సంగతికి వస్తే, జనవరిలో తెల్లవారుజామున నెక్లెస్ రోడ్డు మీద బండి నడిపినవారికి వివరించనక్కర్లేదు. ఒంటి చుట్టూ మనమే వెచ్చబరచుకున్న పలచటి గాలి పొరను ఈదురుగాలి ఊడ్చుకుపోతుంది. దీన్ని మొదట కొలిచినవారు పాల్ సిపుల్, చార్లెస్ పాసెల్ అనే అమెరికన్లు. 1940–41 ప్రాంతంలో అంటార్కిటికాలో నీళ్లు నింపిన ప్లాస్టిక్ గొట్టాన్ని గాలిలో వేలాడదీసి, ఎంతసేపటికి గడ్డకడుతుందో గడియారం పట్టి చూశారు. 2001లో కెనడా, అమెరికా వాతావరణ శాఖలు మనుషుల ముఖాల మీద చేసిన పరీక్షలతో ఆ లెక్కను సవరించాయి. ఇప్పటి సూత్రం ప్రకారం సున్నాకు 20 డిగ్రీల దిగువన గంటకు 40 కిలోమీటర్ల గాలి వీస్తే, నగ్నంగా ఉన్న చర్మానికి అది సున్నాకు 34 డిగ్రీల దిగువ ఉన్న నిశ్చలమైన రోజుతో సమానం. పత్రికలు దీన్ని తరచు తప్పుగా రాస్తాయి. గాలి ఎంత వీచినా థర్మామీటరులో అంకె మారదు, నీళ్ల సీసా సున్నాకు 20 డిగ్రీల కంటే కిందికి చల్లబడదు. మారేది వేడి పోయే వేగం మాత్రమే. తడిసిన బట్టల మీద గాలి తగిలినప్పుడు రెండు నష్టాలూ కలిసి పనిచేస్తాయి. కూరగాయల గదిలో ఫ్యాను కింద నిలబడ్డ మనిషి చెప్పింది సరిగ్గా ఇదే.

లెక్క తప్పినప్పుడు శరీరం తనకు తోచిన పొదుపు మొదలుపెడుతుంది. మొదట చేతులకు, కాళ్లకు పోయే రక్తనాళాలు కుంచించుకుని రక్తం గుండె, ఊపిరితిత్తుల వైపు మళ్లుతుంది. అందుకే వేళ్లు ముందు కొంకర్లు పోతాయి. మధ్యభాగంలో రక్తం ఎక్కువైందని భ్రమపడి మూత్రపిండాలు నీటిని బయటికి పంపేస్తాయి, చలికాలపు రాత్రుల్లో మాటిమాటికీ లేవాల్సి రావడం వెనకున్నది ఇదే. తర్వాత వణుకు వస్తుంది. అది కండరాలు పనిలేకుండా చేసే పని, విశ్రాంతి వేడిని ఐదు రెట్ల దాకా పెంచగలదు. ఉష్ణోగ్రత 32 డిగ్రీల కిందికి జారుతున్న కొద్దీ వణుకు తగ్గిపోతుంది, చూసేవారు కుదుటపడ్డాడని పొరబడతారు. ఇంతకంటే నన్ను భయపెట్టే సంగతి మరొకటి ఉంది. వేళ్లతోపాటే, ఒక్కోసారి వేళ్లకంటే ముందే, వివేకం మొద్దుబారుతుంది. మాట తడబడుతుంది, అడుగు తూలుతుంది, చేతి తొడుగు జారిపడితే వంగి తీసుకోవాలనిపించదు, పైగా అంతా బాగానే ఉందనిపిస్తుంది. చివరి దశలో కొందరు చలిలోనే బట్టలు విప్పేసుకుంటారు. తనకేమైందో తానే కనిపెట్టలేని జబ్బు కాబట్టి ధ్రువ యాత్రల్లో జంటలుగా నడుస్తారు, గంటకోసారి ఒకరి ముఖం ఒకరు పరీక్షించుకుంటారు. బుగ్గ మీద గానీ ముక్కు కొసన గానీ మైనంలా తెల్లటి మచ్చ కనబడితే అది ఫ్రాస్ట్‌బైట్, అంటే చలికి చర్మం గడ్డకట్టడం, మొదలు. దాన్ని మంచుతో రుద్దాలన్న పాత చిట్కా పూర్తిగా తప్పు. వెచ్చటి అరచేతిని అలాగే ఆనించి ఉంచాలి. లోతుగా గడ్డకట్టిన భాగాన్ని మళ్లీ గడ్డకట్టే ప్రమాదం లేని చోటికి చేరాకే గోరువెచ్చటి నీటిలో ఉంచి కరిగించాలి.

తిండి గురించి చెప్పడం తేలిక. బండి లాగే మనిషికి రోజుకు 6,000 కిలో కేలరీలు కూడా చాలకపోవచ్చు, గ్రాముకు పిండిపదార్థం నాలుగు కిలో కేలరీలిస్తే కొవ్వు తొమ్మిది ఇస్తుంది, మోయాల్సిన బరువు దృష్ట్యా కొవ్వుదే గెలుపు. ఉత్తర అమెరికా ఆదివాసుల పెమ్మికన్, అంటే మన మాంసపు ఒరుగుల్ని పొడికొట్టి కరిగించిన కొవ్వులో పేరబెట్టినట్టుండే ముద్ద, అందుకే శతాబ్దం పాటు ధ్రువ యాత్రల భోజనమైంది. నీటి సంగతే విచిత్రం. చుట్టూ ఉన్నదంతా నీరే అయినా దాహంతో అలమటించాల్సి వస్తుంది. చలిగాలిలో తేమ ఉండదు కనుక పీల్చిన ప్రతి శ్వాసనూ ఊపిరితిత్తులు తమ నీటితో తడిపి బయటికి వదులుతాయి. మంచు తినేస్తే సరిపోదా అంటే, సున్నాకు 20 డిగ్రీల దిగువన ఉన్న కిలో మంచును కరిగించి ఒంటి వేడికి తేవడానికి దాదాపు 127 కిలో కేలరీలు కావాలి. అంకె పెద్దది కాదు, ఒక జొన్నరొట్టెకు అటూ ఇటూ. కానీ ఆ వేడిని ఇప్పటికే వణుకుతున్న ఒంటి మధ్యభాగం నుంచి తీయాలి. ఆ పని పొయ్యికి అప్పజెప్పడం మేలు, కాబట్టి యాత్రలో కిరోసిన్ అంటే తాగునీరే.

పొయ్యి తెచ్చే ప్రమాదం వేరు. 1596లో విలియం బారెంట్స్ నాయకత్వంలోని 17 మంది డచ్ నావికుల ఓడ రష్యాకు ఉత్తరాన ఉన్న నోవాయా జెమ్ల్యా దీవుల దగ్గర మంచులో చిక్కుకుపోతే, వారు ఒడ్డుకు కొట్టుకొచ్చిన దుంగలతో గుడిసె కట్టుకుని శీతాకాలం గడిపారు. నిప్పు దగ్గర మేజోళ్లు కాలిపోయేవి గానీ కాళ్లకు వెచ్చదనం తెలిసేది కాదని వారిలో ఒకరైన గెరిట్ డి వీర్ తన దినచర్యలో రాశాడు. డిసెంబరులో ఒక రాత్రి ఓడలోని బొగ్గు రాజేసి, వేడి పోకూడదని పొగగొట్టాన్ని మూసేశారు. హాయిగా వెచ్చబడింది. కాసేపటికి తలలు తిరిగి, ఒకరు స్పృహ తప్పాక తలుపు బార్లా తెరిచి బతికిపోయారు. మూసుకుంటే ఊపిరాడదు, తెరుచుకుంటే వేడి నిలవదు: ఈ ఇరకాటానికి ఇన్యూట్ మంచు ఇల్లే చక్కటి సమాధానం. చల్లటి గాలి బరువైనది కాబట్టి ప్రవేశమార్గాన్ని పల్లంలో, పడుకునే అరుగును ఎత్తులో కడతారు, పైకప్పులో చిన్న కంత ఉంచుతారు. మంచులో ఎక్కువ భాగం గాలే కనుక బయట సున్నాకు నలభై దిగువన ఉన్నా లోపల, అరుగు మీద, సున్నాకు దగ్గరగా ఉంటుంది.

తుపాను పట్టినప్పుడు చేయవలసిన పని ఒక్కటే, ఏమీ చేయకపోవడం. ఈ ముక్క వీరగాథలకు నచ్చదు. నాన్సెన్, యోహాన్సెన్ 1895 ఆగస్టు చివరి నుంచి ఫ్రాంజ్ జోసెఫ్ ద్వీపాల్లో రాళ్లతో, వాల్రస్ తోళ్లతో గుహలాంటి గుడిసె కట్టుకుని, ఎలుగుబంటి మాంసం తింటూ, కొవ్వు దీపం వెలుగులో దాదాపు తొమ్మిది నెలలు గడిపారు. కొన్నిసార్లు రోజుకు ఇరవై గంటల దాకా నిద్రపోయారు. 1896 జూన్‌లో ఒక బ్రిటిష్ బృందానికి మసిపట్టిన ముఖాలతో ఎదురైనప్పుడు వారిని తూచి చూస్తే, ఇద్దరూ ఓడ దిగిన నాటికంటే బరువు పెరిగి ఉన్నారు.

ఇప్పుడు మనవాళ్లు కూడా అక్కడ ఉంటున్నారు. స్వాల్బార్డ్ దీవుల్లోని న్యూ ఆలెసుండ్ అనే చిన్న పరిశోధన గ్రామంలో, దాదాపు 79 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర, 2008 జులైలో భారత్ హిమాద్రి కేంద్రాన్ని ప్రారంభించింది. 2023 డిసెంబరు నుంచి అక్కడ శీతాకాలంలోనూ బృందాలు ఉంటున్నాయి. అక్టోబరు చివరి నుంచి ఫిబ్రవరి మధ్య దాకా సూర్యుడు కనబడడు. ఎలుగుబంటి ఎదురైతే ఎవరైనా ఏ ఇంట్లోకైనా దూరేందుకు వీలుగా తలుపులకు తాళం వేయరు, సున్నితమైన రేడియో పరికరాల కోసం వైఫై వాడనివ్వరు. అలాంటి చోట్ల బతికే సూక్ష్మజీవుల మీద హైదరాబాద్ హబ్సిగూడలోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి పనిచేశారు. చలికి నెయ్యి పేరుకున్నా పల్లీనూనె పేరుకోదన్న సంగతి మన వంటింటికి తెలిసిందే. చలిని ఇష్టపడే బాక్టీరియా తన కణపొరలోని కొవ్వును నెయ్యి తరహా నుంచి నూనె తరహాకు మార్చుకుని, గడ్డకట్టకుండా ఉంటుంది. మనిషికి ఆ విద్య లేదు, కనుకనే బనియన్ మార్చుకోవలసి వస్తోంది.

వెచ్చటి సముద్ర ప్రవాహం తగలడం వల్ల స్వాల్బార్డ్ పశ్చిమ తీరం ఆ అక్షాంశానికి ఎప్పుడూ తేలికపాటి చలిలోనే ఉండేది. కానీ 1979 నుంచి ఆర్కిటిక్ ప్రపంచ సగటుకు దాదాపు నాలుగు రెట్ల వేగంతో వేడెక్కింది, నడి శీతాకాలంలో, చీకట్లో, వాన పడటం పెరిగింది. 2012 జనవరి చివర్లో న్యూ ఆలెసుండ్‌లో అలాంటి భారీ వర్షమే కురిసింది. చలి తగ్గితే యాత్రికుడికి సుఖమే కదా అనిపిస్తుంది. సున్నాకు 25 డిగ్రీల దిగువన భుజాల మీద పడ్డ మంచును చేత్తో దులిపేయవచ్చు. సున్నాకు ఒక డిగ్రీ పైన పడే వాన కోటులోకి, చేతి తొడుగుల్లోకి, స్లీపింగ్ బ్యాగులోకి ఇంకుతుంది, మర్నాడు ఉష్ణోగ్రత మళ్లీ పడిపోగానే అదంతా బిగుసుకుంటుంది. నేలమీద మంచుపై వాననీరు గాజు పలకలా గడ్డకట్టి, కింది గడ్డి అందక రెయిన్‌డీర్లు ఆకలితో చస్తాయి. వాన నాని బరువెక్కిన మంచు కొండవాలు మీంచి జారిపడుతుంది. ఇకమీదట అక్కడికి వెళ్లేవారు ఈకల కోటుతోపాటు వానకోటు కూడా సర్దుకోవాలి, గుడారంలో తడవకుండా దాచుకున్న ఒక జత పొడి బట్టలను ఎంత చలి వేసినా పగలు ముట్టకూడదు.